పనికి పిలువబడనివారు



మత్తయి సువార్త 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుని ఉపమానము మనకందరికిని తెలిసినదే. దానిని చదువునప్పుడు మనము సామాన్యముగా సాయంకాలమున చెల్లింపబడిన కూలినిగూర్చియే తలంచుదుము. కడపట వచ్చినవానికిని మొదట వచ్చినవానికిని సమానముగా ఇచ్చిన ఆ యజమానుని ఔదార్యమునుగూర్చియే ధ్యానింతుము. అయితే ఆ కథలో మనము దాటిపోవు సంగతి ఒకటి గలదు. ప్రొద్దు వాలినవేళ యజమానుడు సంతవీధికి పోయి, దినమంతయు ఊరక నిలిచియున్నవారిని చూచి కారణమడుగగా, తమకు పని ఇచ్చువాడు ఎవడును రాలేదని వారు చెప్పిరి. వారు సోమరులు కారు. సోమరియైనవాడు ఎండలో సంతవీధిని నిలువడు, ఇంటియొద్దనే పండుకొనును. వారు పని చేయగోరిరి, పిలుచువాడు లేకపోయెను. ఎందుచేత వారిని విడిచిపెట్టిరో ప్రభువు చెప్పలేదు. ఆ ఖాళీని మన ఊరి మనుష్యులతో నింపి చదువుకొనుట మనకు మేలు.

ఈ మాసము మేము అట్టివారిలో ఒక తరగతినిగూర్చి వ్రాయదలచితిమి. వారు మూర్ఛరోగము గలవారు. మన పర్ణశాల, దుమ్ముగూడెము ప్రాంతములలో వారిని "ఫిట్సు వచ్చువాడు", "ఫిట్సు వచ్చు పిల్ల" అని చెప్పుకొందురు. వారిని పనికి తీసికొనకుండుట న్యాయమా? పనికి పెట్టుకొనువాడు వారి వ్యాధినిగూర్చి ఎంతవరకు అడుగవచ్చును? పని అడుగువాడు ఎంతవరకు చెప్పవలెను? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును గాని, ఒక యింటి పొయ్యి వెలుగుటయు ఆరిపోవుటయు వాటిమీదనే ఆధారపడియున్నవి.

మొదట ఆ వ్యాధి యెట్టిదో తెలిసికొందము. మన మెదడులోని కణములు సన్నని విద్యుత్తు ద్వారా ఒకదానితో ఒకటి మాటలాడుకొనుచుండును. ఒక్కొక్కప్పుడు ఆ విద్యుత్తు అకస్మాత్తుగా అదుపు తప్పును. అప్పుడు మనుష్యుడు స్పృహ తప్పి పడిపోవుటయు, కాలుసేతులు కొట్టుకొనుటయు, లేక కొంతసేపు ఏమియు ఎరుగక శూన్యముగా చూచుచుండుటయు జరుగును. సాధారణముగా ఒకటి రెండు నిమిషములలో అది దానంతట అదే ఆగిపోవును. అది అంటురోగము కాదు. నురుగు తగిలినను, పడినవానిని పట్టుకొనినను ఎవనికిని రాదు. పుట్టుకలో మెదడుకు తగిలిన దెబ్బ, తలకు గాయము, మెదడువాపు జ్వరము మొదలైనవి దానికి కారణములు కావచ్చును. మన దేశములో ముఖ్యమైన మరియొక కారణము, పంది బద్దెపురుగు గ్రుడ్లు మురికి చేతులద్వారాను కడుగని కూరలద్వారాను కడుపులో చేరి, వాటి పిల్లలు మెదడులో తిత్తులు కట్టుట. దానికి మంత్రగాడు అక్కరలేదు. మరుగుదొడ్డియు, సబ్బుతో చేతులు కడుగుకొనుటయు అక్కర.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారము లోకములో సుమారు 5 కోట్లమందికి ఈ వ్యాధి గలదు. వారిలో 80 శాతమునకు దగ్గరగా మనవంటి దేశములలోనే యున్నారు. సరియైన వైద్యము దొరికినయెడల వారిలో 70 శాతము వరకు ఫిట్సు లేకుండ జీవింపగలరని ఆ సంస్థయే చెప్పుచున్నది. 1912వ సంవత్సరమునుండి వాడుకలోనున్న ఫినోబార్బిటాల్ అను మాత్ర నేటికిని చవకగా దొరకుచున్నది. దాని తరువాత వచ్చిన మందులు అనేకములు గలవు. కాబట్టి "ఫిట్సు వచ్చువాడు" అని మనము పేరు పెట్టినవారిలో అనేకులు మాత్ర మానకుండ వేసికొన్నయెడల ఫిట్సు రానివారే.

ఇక్కడ కొందరు విశ్వాసులు మమ్మును ఒక ప్రశ్న అడుగుదురు. "అయ్యగారూ, మార్కు 9వ అధ్యాయములోని చిన్నవానికి పట్టినది అపవిత్రాత్మ కాదా? అట్లయినచో వీరికిని అదియే కాదా?" ఈ ప్రశ్నను త్రోసివేయక జవాబు చెప్పవలెను. మత్తయి 4:24లో ప్రభువునొద్దకు తేబడిన రోగుల పట్టిక యున్నది. అందులో దయ్యము పట్టినవారు వేరుగాను, చాంద్రరోగులు వేరుగాను చెప్పబడిరి. చంద్రుని వలన ఈ వ్యాధి కలుగునని ఆనాటివారు తలంచుటచేత గ్రీకు భాషలో దానికి ఆ పేరు వచ్చెను, మన తెలుగు బైబిలులోను అదే పేరు నిలిచెను. సువార్తికుడే రెండు తరగతులుగా వ్రాసినదానిని మనము ఒకటిగా కలిపివేయరాదు. ఒక చిన్నవానికి జరిగిన దానినిబట్టి మూర్ఛగల ప్రతివానిని దయ్యము పట్టినవాడనుట వాక్యమునకు మించి పలుకుట యగును. క్రీస్తుకు పూర్వము 400 సంవత్సరముల ప్రాంతమున హిప్పోక్రటీసు పేరిట వెలసిన గ్రీకు వైద్య గ్రంథమొకటి ఈ వ్యాధి దేవతలు పంపినది కాదనియు, మెదడులో పుట్టునదనియు వాదించెను. మన చరక సంహితయు "అపస్మారము" అను పేరుతో దీనికి చికిత్స చెప్పినది. అంత పూర్వమందే వైద్యులు గ్రహించినదానిని మనము ఈ దినమున కాదనుట తగునా?

ఆ అధ్యాయములోనే మనము నేర్చుకొనవలసినది మరియొకటి గలదు. జనులు గుమిగూడి, చిన్నవాడు చచ్చెనని చెప్పుకొనుచుండగా, ప్రభువు వాని చెయ్యి పట్టుకొని లేపెను. ముట్టుటకు జనులు జంకినవానిని ఆయన ముట్టెను. గలతీ పత్రిక 4:14లో పౌలు తన శరీర బలహీనతను చూచి ఆ సంఘమువారు తన్ను అసహ్యించుకొనలేదని జ్ఞాపకము చేయుచు వాడిన గ్రీకు మాటకు మూలార్థము "ఉమ్మివేయుట". ఆ కాలమున మూర్ఛ వచ్చినవానిని చూచినప్పుడు, ఆ కీడు తమకంటకుండునట్లు ఉమ్మివేయు ఆచారముండెనని రోమా గ్రంథకర్త ప్లినీ వ్రాసెను. పౌలు బలహీనత ఏదియో మనము నిర్ణయింపజాలము. అయినను గలతీయులు ఉమ్మివేయక ఆయనను చేర్చుకొనిరి. చేర్చుకొనుటయా, ఉమ్మివేయుటయా అను ఎంపిక నేడును మనయెదుట నున్నది. నేడు ఎవరును ఉమ్మివేయరు. "రేపటినుండి పనికి రావద్దు" అని చెప్పుదురు.

మా ప్రాంతములో జరిగిన ఒక సంగతి చెప్పుదుము. ఊరి పేరును మనిషి పేరును అక్కరలేదు. ఒక యౌవనస్థురాలు పదవ తరగతి ముగించి కుట్టుపని నేర్చుకొనెను. ఒక దుకాణములో ఆమెకు మిషనుమీద పని దొరికెను. ఆరు నెలలు చక్కగా కుట్టెను. ఒక మధ్యాహ్నము ఆమెకు ఫిట్సు వచ్చెను. రెండు నిమిషములలో తేరుకొని, కొంచెము విశ్రమించి, ఆ సాయంకాలమే మిగిలిన రవికెను ముగించి ఇచ్చెను. మరునాడు యజమానుడు, "అమ్మా, నీ మేలు కోరియే చెప్పుచున్నాను, ఇంటిపట్టున ఉండు తల్లీ" అనెను. అతడు చెడ్డవాడు కాడు, ఆ నెల జీతము పూర్తిగా ఇచ్చి పంపెను. తరువాత ఆమెకు మరియొక చోట పని దొరికెను. ఈసారి ఆమె తన వ్యాధిని చెప్పలేదు. మధ్యాహ్నము వేసికొనవలసిన మాత్రను తోటివారు చూతురని ఇంటివద్దనే విడిచి పోవుచుండెను. కొన్నాళ్లకు ఉదయపు మాత్రయు మానెను. అంతకుముందు కొన్ని నెలలకొకసారి వచ్చు ఫిట్సు ఒకే నెలలో రెండుమారులు వచ్చెను. ఆ పనియు పోయెను.

ఈ సంగతిని కొంచెము ఆలోచించుడి. మొదటి యజమానుడు భయపడినది దేనికి? ఫిట్సు వచ్చి ఏదైన అపాయము జరుగునేమో యని. అతని భయము ఆమెకు ఏమి నేర్పెను? వ్యాధిని దాచుమని నేర్పెను. దాచవలెనన్న మాత్రను దాచవలెను. మాత్రను దాచవలెనన్న కొన్నిమారులు మానవలెను. మానినచో ఫిట్సు ఎక్కువగును. ఏ అపాయమును తప్పింపగోరి మనము ఒకరిని పనినుండి తీసివేయుదుమో, ఆ అపాయమునే మన తీసివేత పెంచుచున్నది. కాబట్టి ఇది రోగిమీద జాలి చూపుమను మాట మాత్రమే కాదు. న్యాయముగా పనికి పెట్టుకొనుటయే అందరికిని క్షేమము.

"అయితే పని అనునది దానధర్మము కాదు గదా, పని చేయగలవానినే పెట్టుకొందుము" అని కొందరందురు. మంచి మాటయే. మేమును అదియే చెప్పుచున్నాము, చేయగలవానినే పెట్టుకొనుడి. అయితే చేయగలడా లేదా యని పనినిబట్టి చూడుడి, వ్యాధి పేరునుబట్టి కాదు. మన అడవి ప్రాంతములో వేసవిని తునికాకు కోత జరుగును. 50 ఆకులు ఒక కట్ట. కల్లములో కట్టలు లెక్కించువాడు ఆకులను చూచును, మంచివా చెడ్డవా యని చూచును. కోసినవాడు ముసలివాడా, కుంటివాడా, ఫిట్సు వచ్చువాడా యని అడుగడు. యాభై ఆకులున్నచో కట్టకు కూలి వచ్చును. ఏమియు చదువుకొననివారు కల్లములో పాటించు ఈ న్యాయము, చదువుకొన్నవారు కూర్చుండి ఉద్యోగమిచ్చుచోట ఎందుకు లేకపోవలెను?

అట్లని అపాయము లేని పని యన్నది లేదని మేము ఎరుగుదుము. మార్కు సువార్తలోని ఆ తండ్రి తన కుమారుడు అనేకమారులు అగ్నిలోను నీళ్లలోను పడెనని మొరపెట్టెను. నేడును ఈ వ్యాధి గలవారికి అవే రెండు శత్రువులు. మనకు పొయ్యి యున్నది, గోదావరి యున్నది. ఫిట్సు అదుపులోనికి రానివానిని పడవ నడుపుటకు పెట్టుట, తాటిచెట్టు ఎక్కుమనుట, ట్రాక్టరు చేతికిచ్చుట, బావి త్రవ్వుటకు దింపుట ప్రేమ కాదు. అట్టిచోట "ఈ పని వద్దు" అని నిజముగా చెప్పుటయే న్యాయము. కాని ఒక పని వద్దనుటకును ఏ పనియు వద్దనుటకును ఎంత భేదమున్నది! పడవ నడుపరానివాడు రేవులో చీట్లు వ్రాయవచ్చును. ట్రాక్టరు తోలరానివాడు మిరపకాయలు కోయవచ్చును, కాటా చూడవచ్చును, లెక్కలు వ్రాయవచ్చును. ఒంటరిగా పొయ్యియొద్ద ఉండరాని స్త్రీ మరియొకరు తోడుండగా వంట చేయవచ్చును, కూరలు తరుగవచ్చును. పర్ణశాలకు వచ్చు యాత్రికులకు బొమ్మలు, కుంకుమ అమ్ము దుకాణములో కూర్చుండుటకు ఏ ఆటంకమున్నది?

ఇక చెప్పుట, దాచుట అను ప్రశ్న. ఈ విషయములో మా మనస్సాక్షికి తోచినది చెప్పుదుము. ఏ పనిలో మన పాటు ఇతరుల ప్రాణమునకు అపాయము కాగలదో, ఆ పనిలో సత్యము చెప్పుట మనము వారికి చెల్లింపవలసిన ఋణము. మోటారు బండి లైసెన్సు కోరువాడు తనకు మూర్ఛగాని అకస్మాత్తుగా స్పృహ తప్పుటగాని గలదా యను ప్రశ్నకు తానే జవాబు వ్రాసి సంతకము పెట్టవలెనని మన దేశపు నియమము. అక్కడ అబద్ధము వ్రాయుట దారిని నడుచు పసిపిల్లకు విరోధముగా చేయు పాపము. అయితే బట్టలు కుట్టుటకో, లెక్కలు వ్రాయుటకో వచ్చినవానిని వాని శరీరములోని ప్రతి వ్యాధినిగూర్చి విచారించు అధికారము యజమానునికి ఎవరు ఇచ్చిరి? అడుగనిదానిని చెప్పకుండుట అబద్ధము కాదు. ఇంకొక మాట. సత్యము చెప్పినవాని అన్నము తీసివేయు ఊరిలో, సత్యము దాచినవాని తప్పులో ఊరివారికిని పాలుండును. సత్యమును కోరువారు సత్యము చెప్పినవానికి చోటును ఇయ్యవలెను.

సంఘమను మనము ఈ విషయములో నిర్దోషులమా? అమెరికా దేశమున టోనీ కొయెలో అను యౌవనస్థుడు 1964లో కతోలిక గురువు కావలెనని కోరెను. వైద్య పరీక్షలో అతనికి మూర్ఛరోగమున్నదని తేలెను. 1917వ సంవత్సరపు వారి సంఘ ధర్మశాస్త్రము మూర్ఛ గలవారిని పిచ్చివారితోను దయ్యము పట్టినవారితోను కలిపి గురుత్వమునకు అనర్హులుగా నిర్ణయించెను. కావున అతడు త్రోసివేయబడెను. బండి లైసెన్సు పోయెను. దరఖాస్తులో మూర్ఛ అని నిజము వ్రాసినందున ఉద్యోగములును దొరకలేదు. తుదకు ఒక శాసనసభ్యుని కార్యాలయములో పని దొరికెను. 1978లో అతడే ఆ దేశపు ప్రతినిధుల సభకు ఎన్నికయ్యెను. అంగవైకల్యము గలవారికి ఉద్యోగములలో అన్యాయము జరుగకుండ చేయు శాసనమును 1988లో ఆ సభలో ప్రవేశపెట్టినవాడు అతడే. 1990 జూలై 26న అది చట్టమాయెను. దానిప్రకారము ఉద్యోగమిచ్చెదమని చెప్పకముందు యజమానుడు వ్యాధులనుగూర్చి అడుగకూడదు. కతోలికులు 1983లో తమ ధర్మశాస్త్రమును మార్చినప్పుడు మూర్ఛనుగూర్చిన ఆ నిషేధమును తీసివేసిరి.

ఈ కథను చదివి ప్రొటెస్టంటులమైన మనము అతిశయింపరాదు. వారికి వ్రాసిన నియమముండెను గనుక దానిని కొట్టివేయగలిగిరి. మనకు వ్రాయని నియమము గలదేమో! బైబిలు స్త్రీని, కాపలావానిని, బడి పంతులమ్మను, హాస్టలు వంటమనిషిని ఎన్నుకొనునప్పుడు కమిటీలో ఎవరో ఒకరు మెల్లగా, "ఆ పిల్లకు ఫిట్సు అట" అందురు. అంతటితో మాట ముగియును. మినిట్సులో ఏమియు వ్రాయబడదు. వ్రాయనిదానిని ఎవరు కొట్టివేయుదురు? కాబట్టి అట్టి గుసగుస పుట్టినచోట పెద్దలలో ఒకరు లేచి, "ఈ పనికి ఆ వ్యాధి ఏ విధముగా అడ్డము?" అని అడుగవలెను. జవాబున్నచో వినుడి. లేనిచో దరఖాస్తు మరల బల్లమీద పెట్టుడి.

మన దేశపు శాసనములును మెల్లగా మారినవి. 1955వ సంవత్సరపు హిందూ వివాహ చట్టములోనికి 1976లో మూర్ఛరోగమును పెండ్లికి అడ్డముగా చేర్చిరి. 1999లో దానిని తొలగించిరి. అంగవైకల్యము గలవారి హక్కులనుగూర్చిన ఐక్యరాజ్య సమితి ఒడంబడికను మన దేశము 2007లో అంగీకరించెను. దాని ననుసరించి 2016లో చేసిన చట్టము 2017లో అమలులోనికి వచ్చెను. ఉద్యోగములో నుండగా వైకల్యము పొందినవానిని ప్రభుత్వ సంస్థ తీసివేయరాదనియు, స్థాయి తగ్గింపరాదనియు, తగిన సర్దుబాటు చేయవలెననియు అది చెప్పుచున్నది. అయితే ఆ చట్టము పేర్కొన్న 21 రకముల వైకల్యములలో మూర్ఛరోగము పేరు విడిగా లేదు. ఫిట్సు లేని దినములలో ఆ మనుష్యుడు అందరివలె కనబడును గనుక సర్టిఫికెటు దొరకదు, ఫిట్సు వచ్చిన దినమున పని దొరకదు. శాసనము చేరని ఈ సందులోనికి ప్రేమ చేరవలెను.

కాబట్టి పని ఇచ్చు స్థానములో నున్న సహోదరులు, అనగా దుకాణదారులు, రైతులు, ముఠా మేస్త్రీలు, బడుల కరెస్పాండెంటులు, ఈ కొన్ని సంగతులు ఆలోచింప వేడుకొనుచున్నాము. మొదట పని తెలియునా యని అడుగుడి. నిర్ణయించిన తరువాతనే "నీకు ఏ సహాయము కావలెను?" అని అడుగుడి. ఫిట్సు ఎంత తరుచుగా వచ్చునో, కడపటిది ఎప్పుడు వచ్చెనో, మాత్రలు సరిగా వేసికొనుచున్నాడో, అతనినే అడిగి నిర్ణయించుడి, చెప్పుకొను మాటలనుబట్టి కాదు. నిద్ర చెడినయెడల ఫిట్సు వచ్చుట కలదు గనుక రాత్రి కాపలా కాక పగటి పని ఇయ్యుడి. మందులు తెచ్చుకొనుటకు నెలకొక పూట సెలవియ్యుడి. ఇతరులకిచ్చు కూలియే ఇయ్యుడి. పని ఇచ్చితిమి గదా యని తగ్గింపకుడి. అతని అనుమతితో తోటివారిలో ఒకరికైనను సంగతి తెలిపి, చేయవలసినది నేర్పుడి.

చేయవలసినది బహు సులభము. పడినవానిని ఒక ప్రక్కకు త్రిప్పి పండుకొనబెట్టుడి. తలక్రింద మెత్తని గుడ్డ పెట్టుడి. నిప్పును, రాళ్లను, పదునైనవాటిని దూరము చేయుడి. మెడచుట్టు బిగుతుగా నున్నదానిని వదులు చేయుడి. గడియారము చూడుడి. చేతిలో తాళముచెవులు పెట్టుట, చెప్పు వాసన చూపుట, నోటిలో చెంచా దూర్చుట, నీళ్లు పోయుట, కొట్టుకొను కాలుసేతులను బలవంతముగా అదిమిపట్టుట ఏమియు చేయకుడి. 5 నిమిషములు దాటినను, తేరుకొనకముందే మరల వచ్చినను, వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండి. మెలకువ వచ్చువరకు ఒకరు ప్రక్కన కూర్చుండుడి. మొదట కనబడు ముఖము నవ్వుచున్న జనసమూహము కాక ఒక స్నేహితుని ముఖమై యుండనియ్యుడి.

ఒక కష్టమైన సంగతియు ఒప్పుకొందము. ఒక చిన్న టీ దుకాణము నడుపు విధవరాలిని, "నీవు ఈ భారము మోయవలె"నని మేము ఆజ్ఞాపింపలేము. ఆమె యొక్కతియే, పొయ్యి యొకటే, చోటు ఇరుకు. పెద్ద సంస్థ చేయగల సర్దుబాటు ఆమె చేయజాలదు. అట్టిచోట భారము సంఘమంతటిది. ఒకరు పొయ్యికి అడ్డుగా రేకు కట్టించి ఇయ్యవచ్చును, మరియొకరు వచ్చి తోడుండవచ్చును. మందులకును లొంగని మూర్ఛ గలవారును మనలో నున్నారు. వారిలో కొందరు ఏ పనియు చేయలేకపోవచ్చును. మనుష్యుని విలువ వాని పనిలో లేదు. దినమంతయు పాటుపడనివానికిని దినవెచ్చము కావలెనని ఎరిగిన యజమానుడు మన ఉపమానములో నున్నాడు.

ఆ యజమానుడు పనివారిని వెదకుచు ఒకే దినమున అయిదుమారులు తానే సంతవీధికి పోయెను. గృహనిర్వాహకుని కూలి చెల్లించుటకు పిలిచెను గాని, వెదకుటకు పంపలేదు. మన సంఘములో మూర్ఛ గలవారు ఎందరున్నారో, వారిలో పని లేనివారు ఎవరో, మాత్రలు మానినవారు ఎవరో, పెద్దలు ఈ నెల ఇంటింటికి పోయి తెలిసికొందురు గాక. నవంబరు 17వ తేదీని మన దేశములో జాతీయ మూర్ఛరోగ దినముగా పాటింతురు. దానికి దగ్గరనున్న ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, ఫిట్సు వచ్చినవానికి చేయవలసినదానిని స్త్రీల సమాజమువారును యౌవనస్థులును అందరి యెదుట చేసి చూపింతురు గాక. ఆ దినమున ఒక్కరికైనను పని దొరకినయెడల మన ప్రసంగములన్నిటికంటె అది మేలైన ప్రసంగము.

మనుష్యులు ఎవరిని పిలువకపోయిరో వారియొద్దకు వచ్చి నిలిచిన ప్రభువు, మన చేతులను ధైర్యముగలవిగాను, మన కమిటీలను న్యాయముగలవిగాను చేయును గాక.